తల్లి తరువాత తండ్రి

పాఠశాల ప్రవేశ పట్టికను నింపుట ఉపాధ్యాయులకు ఏటేట తప్పని పని. బిడ్డ పేరు, పుట్టిన తేది, తల్లి పేరు, తండ్రి పేరు, సంరక్షకుని పేరు. ఈ గడులు నిండుటకు అయిదు నిమిషములు చాలును. కాని యెప్పుడో ఒకప్పుడు వీనిలో ఒక గడి యెదుట కలము ఆగిపోవును. తండ్రి కలడు. బిడ్డను ఎత్తి పెంచినాడు. బడికి చేయి పట్టుకొని తానే తీసికొని వచ్చినాడు. అయినను అతనికిని ఆ బిడ్డ తల్లికిని వివాహము జరుగలేదు. ఆ గడిలో అతని పేరు వ్రాయవచ్చునా? వ్రాసినచో ఆ వ్రాతకు విలువ యెంత? ఆ తల్లి ఒకనాడు బదిలీపత్రము తీసికొని బిడ్డతో వేరొక రాష్ట్రమునకు తరలిపోయినచో, మరునాడు బడి గుమ్మమున నిలిచిన ఆ తండ్రికి ప్రధానోపాధ్యాయుడు ఏమని చెప్పవలెను?

ఈ ప్రశ్న నా ఊహలో పుట్టినది కాదు. కొంతకాలము క్రిందట నా పూర్వవిద్యార్థి యొకడు మా ఇంటికి వచ్చెను. తెనాలిలో చిన్న దుకాణము పెట్టుకొని బ్రదుకుచున్నవాడు. “మాస్టారూ, కోర్టుకు ఒక అర్జీ రాసిపెట్టాలి” అనెను. దానికి లాయరుగారు లేరా యంటిని. “లాయరుగారు చట్టం రాస్తారండీ. నా సంగతి మీరు రాయండి” అనెను.

అతని సంగతి యిది. బాపట్ల అమ్మాయియు అతడును ఏడేండ్లు ఒకే ఇంటిలో కాపురముండిరి. ఇరుప్రక్కల పెద్దలు ఒప్పుకొనలేదు. రిజిస్ట్రారు కచ్చేరికి నేడు పోదము, రేపు పోదమని కాలము గడిచిపోయినది. ఆడపిల్ల పుట్టినది. తల్లికి ఉద్యోగము, కావున ప్రొద్దుట పిల్లకు జడవేయుటయు, బడికి దింపుటయు, జ్వరము వచ్చిన రాత్రి మేలుకొనుటయు తండ్రి వంతయినవి. సెలవులలో ఆ పిల్ల రేపల్లెలోని నాయనమ్మ యొద్ద ఉండెడిది. పిమ్మట మనస్పర్ధలు వచ్చినవి. ఆమెకు హైదరాబాదులో మంచి ఉద్యోగము దొరకినది. ఆరేండ్ల పిల్లను తీసికొని వెళ్ళినది.

“ఆమెను నేను తప్పు పట్టనండీ. ఉద్యోగం వచ్చింది, వెళ్ళింది. కాని పాపకు నేనేమవుతానో చెప్పమంటే ఎవరూ చెప్పటం లేదు” అని అతడు ముగించెను. నలుబది మందికి చందస్సు బోధించు నాకు ఆ చిన్న ప్రశ్నకు వెంటనే సమాధానము తోచలేదు. ఈ వ్యాసము ఆ సమాధానమును వెదకుట.

హైదరాబాదు పరరాష్ట్రమా యని మనవారు ఆశ్చర్యపడవచ్చును. 2014 జూన్ 2వ తేదీ వరకు తెనాలి, హైదరాబాదు ఒకే రాష్ట్రమున ఉండినవి. 2022 ఏప్రిల్ 4వ తేదీ వరకు తెనాలి, బాపట్ల, రేపల్లె మూడును గుంటూరు జిల్లాలోనివే. ఇప్పుడు బాపట్ల తన పేరనే జిల్లా అయినది; రేపల్లె అందు చేరినది; తెనాలి గుంటూరు జిల్లాలో నిలిచినది. పటములోని గీతలు మారుచుండును. గీత మారినప్పుడు న్యాయస్థానముల అధికారపు హద్దును మారును. ఆరేండ్ల పిల్లకు మాత్రము ఈ గీతలలో ఒక్కటియు కానరాదు. ఆమెకు తెలిసిన దూరమొక్కటే: నాన్న సాయంత్రము వచ్చునా, రాడా.

ఇక చట్టమేమనుచున్నదో చూతము. 1956 నాటి హిందూ మైనారిటీ, సంరక్షకత్వ చట్టములోని 6వ సెక్షను సహజ సంరక్షకులెవరో చెప్పుచున్నది. వివాహబంధమున పుట్టిన బిడ్డకు తండ్రి, అతని తరువాత తల్లి. అయిదేండ్లు నిండని బిడ్డ సాధారణముగా తల్లి యొద్దనే ఉండవలెను. వివాహము వెలుపల పుట్టిన బిడ్డకు ఈ వరుస తలక్రిందులగును: మొదట తల్లి, ఆమె తరువాత తండ్రి. కావున నా విద్యార్థి తన కూతురికి చట్టము దృష్టిలో ‘తరువాతి’వాడు. తల్లి జీవించియున్నది, సమర్థురాలు, బిడ్డను ప్రేమతో చూచుకొనుచున్నది. అట్టియెడ ఆమె బిడ్డతో ఏ ఊరికి పోయినను అతని అనుమతి అక్కరలేదు.

అడుగుటకు అతనికి తావు లేకపోలేదు. 1890 నాటి సంరక్షకుల, మైనరుల చట్టము క్రింద ఎవరైనను న్యాయస్థానమును ఆశ్రయింపవచ్చును. 1984 నాటి చట్టము ననుసరించి కుటుంబ న్యాయస్థానము ఏర్పడిన చోట అచ్చట, లేనిచోట జిల్లా న్యాయస్థానమున అర్జీ వేయవలెను. అయితే 9వ సెక్షను ఒక నియమము పెట్టినది: బిడ్డ సాధారణముగా ఎచ్చట నివసించునో అచ్చటి న్యాయస్థానమే ఆ అర్జీని వినవలెను. నిన్న బయలుదేరిన పిల్ల నేటికిని బాపట్ల పిల్లయే యని వాదింపవచ్చును. ‘సాధారణ నివాసము’ అనునది కేవలము చట్టప్రశ్న కాదు, సాక్ష్యముతో తేలవలసిన విషయమని 2011లో సుప్రీంకోర్టు చెప్పినది. కాని ఆరు నెలలు గడిచి, పిల్ల క్రొత్త బడిలో చేరి, క్రొత్త స్నేహితులను సంపాదించుకొనిన పిమ్మట ఆ వాదము బలహీనపడును. అప్పుడు తెనాలి దుకాణము మూసికొని హైదరాబాదు న్యాయస్థానపు మెట్లెక్కవలెను. బెంగుళూరైన బెంగుళూరు, మద్రాసైన మద్రాసు.

రేపల్లె స్టేషనును చూచినవారికి తెలియును. తెనాలినుండి వచ్చిన పట్టాలు అచ్చట ఆగిపోవును. ముందుకు పోదలచినవాడు రైలులో వెనుకకు తెనాలికి రావలసినదే. వివాహము లేని తండ్రి మార్గమును ఇట్టిదే. అతని ప్రేమ యెంత దూరము వచ్చినను ఒకచోట పట్టాలు ఆగును. మరల మొదటికి వచ్చి, ‘నీవెవరవు’ అను ప్రశ్నకు సమాధానము చెప్పవలెను.

చట్టము ఇట్లు వ్రాసినవారు నిర్దయులని నేననను. వారు లోకమును చూచి వ్రాసినారు. వివాహము లేక పుట్టిన బిడ్డను విడిచి పారిపోయినవారిలో ఎక్కువమంది పురుషులు. అవమానము, ఆకలి, బిడ్డ బరువు మూడును తల్లి నెత్తినే పడినవి. అట్టి తల్లిని చట్టము ముందు నిలుపుట న్యాయమే. 1959లో బొంబాయినుండి వచ్చిన ఒక వ్యాజ్యమున సుప్రీంకోర్టు, బంధువురాలు తనయొద్ద నిలుపుకొనిన పసిబిడ్డను పెండ్లికాని తల్లికి అప్పగించినది. ఆ వ్యాజ్యమున బిడ్డ తండ్రి ముందుకు వచ్చి, బిడ్డ తనదేయని ఒప్పుకొని, సరిగా పెంచెదనని ప్రమాణపత్రము దాఖలు చేసినాడు. తల్లి హక్కును త్రోసివేయుటకు కాదు, నిలుపుటకు అతడు వచ్చినాడు. అట్టి తండ్రులును లోకమున కలరు.

2015 జూలైలో మరియొక తీర్పు వచ్చినది. ఢిల్లీలో ఉద్యోగము చేసికొనుచు కుమారుని ఒంటరిగా పెంచుకొనుచున్న తల్లి, బ్యాంకు కాగితములలో బిడ్డ పేరు చేర్పగోరినది. తండ్రి పేరు చెప్పవలెననిరి. లేదా సంరక్షక పత్రము తెమ్మనిరి. సంరక్షకత్వమునకు పోగా, తండ్రికి నోటీసు పంపనిదే అర్జీ వినమనిరి. జస్టిస్ విక్రమజిత్ సేన్ వ్రాసిన తీర్పులో సుప్రీంకోర్టు ఆ నోటీసు అక్కరలేదన్నది. ఆ తండ్రి బిడ్డ ముఖమైనను ఎరుగనివాడు. బాధ్యతను విడిచినవానిని వెదకి పిలుచుట వలన బిడ్డకు మేలులేదు. ఆ తీర్పును నేను మనసారా మెచ్చుకొందును. దానిలోని తర్కము ఇది: బిడ్డ మేలే ప్రధానము, పేరుకు తండ్రి యైనంత మాత్రమున హక్కు రాదు, పెంచినవారికే విలువ. సంరక్షకత్వపు ఉత్తరువులు ఎన్నటికిని తుదివి కావనియు, బిడ్డ క్షేమమును నిజముగా కోరువారు వానిని మరల ప్రశ్నింపవచ్చుననియు ఆ తీర్పు చెప్పినది.

ఇదే తర్కమును తిరుగవేసి చూడుడు. పెంచనివానికి పేరువలన హక్కు రానప్పుడు, పెంచినవానికి పేరు లేకపోవుటవలన హక్కు పోవునా? కొలబద్ద పెంపకమే యైనచో అది రెండువైపులను కొలువవలెను.

అంతేకాదు. అన్నము విషయమున చట్టము ఈ తండ్రిని మరువలేదు. 1973 నాటి క్రిమినల్ ప్రొసీజరు కోడులోని 125వ సెక్షను, 2024 జూలై 1 నుండి దాని స్థానమున వచ్చిన నాగరిక సురక్షా సంహితలోని 144వ సెక్షను, బిడ్డ వివాహమున పుట్టినను, వెలుపల పుట్టినను తండ్రి పోషణవ్యయము ఈయవలెననుచున్నవి. ఇది సర్వవిధముల ధర్మము. నెలనెల డబ్బు పంపుటకు అతడు మొదటినుండియు తండ్రియే. బిడ్డను ఒడిలో కూర్చుండబెట్టుకొనుటకు మాత్రము ‘తరువాత’ తండ్రి. జేబునకు ఒక వరుస, ఒడికి మరియొక వరుస ఉండుట ధర్మమెట్లగును?

ఆ ‘తరువాత’ అను మాట దగ్గర భాషాబోధకుడనైన నేను కొంచెము ఆగుదును. 1999లో ఇదే మాటపై సుప్రీంకోర్టులో గొప్ప చర్చ జరిగినది. వివాహిత తల్లి యొకతె తన కుమారుని సంరక్షకురాలిగా సంతకము చేయగా, తండ్రి ఉండగా చెల్లదనిరి. ‘తండ్రి తరువాత తల్లి’ యనగా తండ్రి మరణము తరువాత యని అంతవరకు లోకము అర్థము చెప్పుకొనినది. న్యాయస్థానము ఆ అర్థమును అంగీకరింపలేదు. తండ్రి ప్రాణములతో ఉన్నను బిడ్డను పట్టించుకొననప్పుడు, దూరమున ఉన్నప్పుడు, అశక్తుడైనప్పుడు కూడ తల్లి సంరక్షకురాలే. ‘తరువాత’ యనగా ‘లేని సందర్భమున’ యని వివరించినది. ఒక్క మాట అర్థము విప్పారగా ఎందరో తల్లులకు దారి ఏర్పడినది. ఆ తీర్పు వివాహితుల విషయమునకు సంబంధించినది. కాని ప్రక్క వాక్యమున అదే మాట ఉన్నది. ఒకే సెక్షనులో ఒకే మాట ఒక పంక్తియందు విశాలముగను, తరువాతి పంక్తియందు ఇరుకుగను ఉండదగునా? తల్లి దినమంతయు పనిలో ఉండగా బిడ్డను చూచుకొనిన తండ్రిని, ఆ గంటల మేరకైనను సంరక్షకుడుగా గుర్తించుటకు ఆ మాటలో చోటున్నదని నా విన్నపము.

పరదేశములలో ఈ ప్రశ్న ఎప్పుడో తలయెత్తినది. 1972లో అమెరికా సుప్రీంకోర్టు ఇల్లినాయ్ రాష్ట్రపు తండ్రి యొకని మొర వినినది. అతడు పెండ్లి లేకయే పిల్లల తల్లితో పదునెనిమిదేండ్లు అప్పుడప్పుడు కలిసి యుండెను. ఆమె మరణింపగా, చట్టము అతనిని తండ్రిగా ఎంచక పిల్లలను ప్రభుత్వ రక్షణలో చేర్చినది. అతడు తగినవాడా కాదా యని విచారింపకయే పిల్లలను తీసికొనరాదని న్యాయస్థానము తీర్పు చెప్పినది. ఇంగ్లండులో 2003 డిసెంబరు 1 నుండి, తల్లితో కలిసి జనన పట్టికలో పేరు వ్రాయించుకొనిన తండ్రికి వివాహముతో పనిలేక తల్లిదండ్రుల బాధ్యత సంక్రమించును. 2009లో యూరపు మానవహక్కుల న్యాయస్థానము జర్మనీకి ఇట్టి హెచ్చరికయే చేయగా, 2013లో ఆ దేశము తన చట్టమును సవరించుకొనినది. బిడ్డ రాష్ట్రము దాటినప్పుడు ఏ న్యాయస్థానము వినవలెనను చిక్కుకును అమెరికా రాష్ట్రములు 1997లో ఒక ఉమ్మడి చట్టమును రూపొందించుకొనినవి. బిడ్డ చివర ఆరు నెలలు నివసించిన రాష్ట్రమే స్వగృహము. అచ్చట తల్లిదండ్రులలో ఒకరు మిగిలియున్నచో, బిడ్డ వెళ్ళిన పిమ్మట మరి యారునెలల వరకు అచ్చటి న్యాయస్థానము ఆ తగవును చేపట్టవచ్చును. మనకు అనుకరింపదగిన నియమము ఇదియేయని తోచును.

ఇవన్నియు పరదేశపు పోకడలనువారు మన పురాణములను విప్పి చూడవలెను. తారాచంద్రుల కథలో బుధుడు పుట్టినప్పుడు బిడ్డ ఎవరిదను తగవు వచ్చినది. బ్రహ్మ తారనే అడిగెను. ఆమె నిజము చెప్పినది. బిడ్డ చంద్రునికి చేరెను. వివాహము బృహస్పతిది, బిడ్డ చంద్రునిది. తల్లి మాటకు విలువ యిచ్చుటయు, తండ్రి హక్కును ఒప్పుకొనుటయు ఆ ఒక్క తీర్పులోనే కలవు. చిత్రాంగద తండ్రి, పుట్టబోవు బిడ్డ మణిపురముననే ఉండవలెనని ముందుగనే అర్జునునితో మాట తీసికొనెను; అర్జునుడు ఒప్పుకొనెను. తగవు రాకముందే ఒడంబడిక చేసికొనుట ఎంత మేలో ఆ కథ చెప్పును.

ఇన్ని చెప్పినను ఎదుటి వాదమును దాచుట న్యాయము కాదు. తండ్రి హక్కు అనుపేర తల్లి కాళ్ళకు సంకెల వేయు పురుషులు కలరు. ‘బిడ్డను చూడవలెను’ అనుచు ఆమె ఉద్యోగమును చెడగొట్టువారు, ఆమె కొత్త బ్రదుకును అడ్డగించువారు కలరు. దెబ్బలకు తాళలేక రాత్రికి రాత్రి బిడ్డతో పారిపోయిన తల్లి, తన జాడను ఆ పురుషునికి తెలుపవలెననుట క్రూరత్వమే యగును. కావున నేను కోరునది తల్లి ప్రయాణమును ఆపుటకు కాదు. ఆమె తన బ్రదుకు తెరువు ఎచ్చట దొరకిన అచ్చటికి పోవచ్చును. కోరునది ఒక్కటే: పెంచిన తండ్రికి చెప్పి పోవలెను, అతడు న్యాయస్థానమును ఆశ్రయించినచో, పెంపకమునకు సాక్ష్యము చూపినచో, ఏ నెలలో ఎన్ని దినములు బిడ్డ అతనియొద్ద ఉండవలెనో ఆ స్థానము నిర్ణయింపవలెను. హింస ఉన్నచోట ఈ నియమము వర్తింపరాదు. 2020లో సుప్రీంకోర్టు, దూరదేశములలో ఉన్న తల్లిదండ్రులకు కూడ సెలవులలో కలియుటకును, వీడియో ద్వారా తరచు మాటాడుటకును వీలుండవలెనని చెప్పినది. బిడ్డకు ఇరువురి ప్రేమయు కావలెనని అచ్చట చెప్పిన న్యాయము, పెండ్లి పత్రిక అచ్చువేయించని ఇంటి బిడ్డకును చెల్లవలెను.

తండ్రులకును ఒక మాట. హక్కు కోరువాడు ముందు కర్తవ్యమును చూపవలెను. బిడ్డ పుట్టిననాడే జనన పట్టికలో తల్లి సమ్మతితో పేరు వ్రాయించుకొనుడు. బడి రుసుము రసీదులు, వైద్యుని చీటీలు దాచుకొనుడు. కోపము వచ్చిననాడు పోషణవ్యయమును ఆపకుడు. బడి గుమ్మమునుండి బిడ్డను ఎత్తుకొని రావలెనను దుర్బుద్ధి ఎన్నడును వలదు. అట్లు చేసినవాని ముఖము చూచి ఏ న్యాయమూర్తియు కరగడు. ఆలస్యము చేయక, బిడ్డ క్రొత్త ఊరిలో వేరూనకముందే అర్జీ వేయుడు. చిరకాలము భార్యాభర్తలవలె మెలగినవారిని చట్టము వివాహితులుగా ఊహింపవచ్చును. 1978లో సుప్రీంకోర్టు సుమారు ఏబదియేండ్ల కాపురమునకు అట్టి ఊహను నిలిపినది. ఆ ద్వారమును మూసియున్నదో, తెరచియున్నదో న్యాయవాదిని అడిగి తెలిసికొనుడు.

ఉపాధ్యాయ మిత్రులకు నా మనవి వేరు. 2009 నాటి విద్యాహక్కు చట్టము ప్రకారము బదిలీపత్రము అడిగిన వెంటనే ఈయవలసినదే. తగవులో ఒక పక్షము వహించి దానిని ఆపుట మీ పని కాదు. కాని బిడ్డను బడికి తెచ్చినదెవరో, తల్లిదండ్రుల సమావేశమునకు వచ్చినదెవరో మీ పుస్తకములలో ఉన్నది. న్యాయస్థానము అడిగిననాడు నిజము చెప్పుడు. ఆ సంతకముల పుస్తకము ఒక తండ్రికి గాని తల్లికి గాని జీవనాధారము కావచ్చును. మరియొకటి: ఇట్టి బిడ్డలను మన భాషలో ‘అక్రమ సంతానము’ అనుచున్నాము. క్రమము తప్పినవారు పెద్దలైన కావచ్చును, బిడ్డ యెట్లు అక్రమమగును? పుట్టుకకు అక్రమమను మాట లేదు. తరగతిలో ఆ మాట వినబడినచో పాఠమాపి దిద్దుడు. విద్యార్థులారా, మీ ప్రక్క బెంచీపై కూర్చున్నవాని తండ్రి పేరు గడి ఖాళీగా ఉన్నచో దానిని గురించి నవ్వకుడు.

నా విద్యార్థికి అర్జీ వ్రాసి యిచ్చితిని. బిడ్డను పూర్తిగా నాకు ఇప్పించుడని అతడు మొదట చెప్పెను. రెండు గంటలు మాటాడుకొనిన పిమ్మట తానే ఆ వాక్యమును కొట్టివేయించెను. వేసవి సెలవులు, సంక్రాంతి, ప్రతి ఆదివారము అరగంట మాట, ఇవి చాలునన్నాడు. “పాప అమ్మ దగ్గర ఉండాలి మాస్టారూ. నన్ను మరిచిపోకుండా ఉండాలి, అంతే” అన్నాడు. న్యాయస్థానము ఏమనునో ఇంకను తెలియదు.

సత్యవతీ పరాశరులకు పుట్టిన వ్యాసుడు తండ్రి మార్గముననే తపస్సునకు వెడలిపోయెను. పోవుచు తల్లితో, నీవు తలచిననాడు వత్తునని మాట యిచ్చెను. కురువంశము కష్టములో పడినప్పుడు ఆమె తలచినది, అతడు వచ్చెను. తల్లిదండ్రులలో ఒకరియొద్ద ఉండుట బిడ్డకు తప్పకపోవచ్చును. రెండవవారు తలచినప్పుడు రాగల దారి తెరచియున్నచో ఆ బిడ్డ అనాథ కాడు. ఆ దారిని తెరచియుంచుట చట్టము పని. అంతవరకు అది మనందరి పని.